గిటెలే, బయటికి రా

పోలండ్ వెళ్ళే పిల్లలకు నేను మొట్టమొదట చెప్పేది బూట్ల గురించి. ఏప్రిల్ కదా అని పల్చటివి వేసుకోవద్దు, కొత్తవి కొనుక్కుని అసలే రావద్దు. బొబ్బలెక్కిన కాళ్ళతో నిలబడ్డవాడికి తన కాళ్ళు తప్ప ఇంకెవరి బాధా పట్టదు అంటాను. ఆ తర్వాత తిండి. మా యూదుల ఆచారం ప్రకారం వండే కోషర్ భోజనం దొరకని పల్లెల మీదుగా బస్సు గంటల తరబడి వెళ్తుంది కాబట్టి సంచిలో చేప డబ్బాలు, బిస్కెట్లు ఉండాలి. ఆ తర్వాత ఏడుపు. వస్తే ఆపుకోవద్దు. రాకపోతే నటించవద్దు. పక్కవాడికి రాలేదని వాడి మొహంలోకి తొంగిచూడవద్దు.

విన్నిపెగ్‌లో మా బడి నేలమాళిగలో జరుగుతాయి ఈ తరగతులు. డిసెంబరులో హనుకా పండగ అయిపోయాక మొదలుపెట్టి, ఆదివారం మధ్యాహ్నాలు పిల్లల్ని కూర్చోబెట్టి, పెసాఖ్ పండగ దాటగానే విమానం ఎక్కిస్తాం. వాళ్ళ ముత్తాతలు బతికిన ఊళ్ళూ, యుద్ధంలో వాళ్ళని చంపిన చోట్లూ చూపించి తీసుకొస్తాం. ఏళ్ళ తరబడి చేస్తున్న పని కాబట్టి నాకు బెదురు పోయిందనుకునేదాన్ని, తమర్ వైన్‌రబ్ మా బృందంలో చేరేదాకా.

తమర్ అప్పుడు పదకొండో తరగతి. పొడుగ్గా, గట్టిగా ఉండేది. బడి హాకీ జట్టుకు గోల్ కాసేది. మాట తక్కువ. ఆ లోటు పక్కింటి ఏరీ బాబ్రోవ్ తీర్చేవాడు. వాడు తరగతి మొత్తానికి పొట్టి. గొంతు ఇంకా పూర్తిగా మారలేదు, మాట మధ్యలో కీచుమనేది. ఇంకెవరో తన్ని చూసి నవ్వేలోగా తనే వాళ్ళని నవ్వించేసేవాడు.

రెండో ఆదివారం ఎప్పుడూ ఇచ్చే పనే ఇచ్చాను. "ఇంట్లో పెద్దవాళ్ళని చావుల గురించి అడక్కండి. ఆ ఊళ్ళో వాళ్ళ వంటింట్లో ఏముండేదో అడిగి రండి. అంతే చాలు."

మరుసటి వారం ఏరీ లేచాడు. "మా ముత్తవ్వ వంటింట్లో మేక ఉండేదట మిస్. చలికాలం పొయ్యి పక్కన అదే పడుకునేదట. ముత్తాత గుమ్మం దగ్గర పడుకునేవాడట. ఆ ఇంట్లో పెద్దరికం ఎవరిదో నాకప్పుడు అర్థమైంది."

అందరూ నవ్వారు. తమర్ వంతు వచ్చింది.

"బీరువా ఉండేదట."

"ఇంకా?"

"అంతే మిస్. మా జేడే 'బీరువా' అన్నాడు, లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు అన్నం కూడా తినలేదు."

"మీ తాతకి బీరువాలంటే అంత ఇదైతే మరి మీ ఇంట్లో ఒక్కదానికీ తలుపు ఉండదేమే?" అన్నాడు ఏరీ. "మీ ఇంటికొస్తే ఉప్పు డబ్బా దగ్గర్నుంచి మీ నాన్న బనీన్ల దాకా అన్నీ దర్శనమే!"

మళ్ళీ నవ్వులు. తమర్ నవ్వలేదు. తన ఇంట్లో ఏదో వింతగా ఉందని అప్పుడే మొదటిసారి తట్టినట్టు వాడివైపు చూసింది.

నాకా సంగతి ఎప్పట్నుంచో తెలుసు. తమర్ తల్లి డోరీన్, నేనూ ఒకే బడిలో చదువుకున్నాం. పెళ్ళై ఆ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో అది వంటింటి అరలు మూస్తుంటే, మామగారు హెర్షెల్ వెనకాలే వచ్చి ఒక్కమాటా అనకుండా తెరిచేసేవాడట. తర్వాత భర్త లోనీ ఆ తలుపులు ఊడదీసి గరాజులో పెట్టేశాడు. కోట్లు తగిలించే అరకూ తలుపు లేదు. పెద్దాయన చాదస్తం అనుకుని సర్దుకుపోయారు. బట్టల ఫ్యాక్టరీలో నూలు దుమ్ము, ఉన్ని దుమ్ము పీలుస్తూ బతుకంతా కష్టపడిన మనిషి. ఆ ఒక్క పట్టింపు తప్ప ఇంకే ఇబ్బందీ పెట్టినవాడు కాదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం తరగతి అయిపోయాక తమర్ కదల్లేదు. మిగతావాళ్ళంతా కోట్లు తొడుక్కుని వెళ్ళిపోయారు. అది టోపీ చేతిలో నలుపుతూ కూర్చుంది.

"జేడే చెప్పాడు మిస్, బీరువా సంగతి."

బంగాళాదుంపలు ఒలుస్తూ, తల ఎత్తకుండా చెప్పాడట.

జవెర్కా అనే చిన్న ఊళ్ళో వాళ్ళ వంటింటి బీరువాకు వెనక చెక్క కదిలేది. దాని వెనక మెట్ల కింద ఒక బొరియ లాంటి చోటు. లోపలి నుంచి గడియ. అమ్మనూ నాన్ననూ జర్మన్లు తీసుకుపోయాక హెర్షెల్, అతని చెల్లెలు గిట్లా అందులోనే దాక్కున్నారు. అతనికి పదమూడు, దానికి ఏడు. ఇంట్లో అందరూ దాన్ని గిటెలే అనేవారు. తిండి వెతకడానికి అతను బయటికి పోతూ చెల్లెలికి గట్టిగా చెప్పాడు: "ఎవరు తట్టినా తియ్యకు. తట్టడం ఎవరికైనా వస్తుంది. నా గొంతు వింటేనే తియ్యి."

రొట్టె ముక్క చంకలో దాచుకుని తిరిగి వచ్చేసరికి ఇంట్లో ఎవరో ఉన్నారు. పక్క గదిలో బూట్ల చప్పుడు, సామాను ఈడుస్తున్న చప్పుడు. గొంతు విప్పితే వాళ్ళకి వినబడుతుంది. బీరువాలో దూరి వెనక చెక్క మీద వేలితో తట్టాడు. గోటితో గీరాడు. గడియ కదల్లేదు. చెక్కకు చెవి ఆనిస్తే అవతల ఊపిరి వినిపించింది. బిగబట్టి, ఆగలేక వదిలి, మళ్ళీ బిగబడుతున్న ఊపిరి. చెప్పిన మాట వింటోంది పిల్ల. బూట్లు వంటింటి వైపు వచ్చాయి. అతను కిటికీలోంచి దూకి అడవిలోకి పరిగెత్తాడు. మళ్ళీ ఆ ఊళ్ళో అడుగుపెట్టడం అతనివల్ల కాలేదు. గిట్లా ఏమైందో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"నువ్వు ఎలా ఉన్నావు తల్లీ?" అన్నాను.

తమర్ ఆలోచించింది. "రాత్రి నా బట్టల అరలోంచి ఊపిరి వినబడుతోంది మిస్. భయమేం లేదు. కానీ నేను కూడా బిగబట్టేస్తున్నాను. అది వదిలేదాకా నేను వదలకూడదనిపిస్తోంది."

పిల్లలకు పీడకలలు రావడం ఈ పనిలో కొత్త కాదు. దానికి ఏం చెప్పాలో నాకు తెలుసు, చెప్పాను. ఏం ఉపయోగం కనిపించలేదు.

మార్చిలో పేర్లు చదవడం నేర్పుతాం. ప్రతి పిల్లా తన కుటుంబంలో పోయినవాళ్ళ పేరు ఒకటి ఎంచుకుని, అక్కడ సమాధి లేని నేల మీద నిలబడి పైకి చదువుతుంది. ఆపై అందరం కలిసి పోయినవాళ్ళ కోసం చదివే కద్దిష్ ప్రార్థన చదువుతాం. తమర్ లేచి నిలబడింది.

"నేను చదవను మిస్. జేడే వద్దన్నాడు. పోయిందని ఎవరు చెప్పారని అడిగాడు."

తరగతి అంతా నా వైపు చూసింది. ఏరీ ఏదో అనబోయి మానుకున్నాడు. వాడు మాట మింగడం అదే మొదటిసారి చూశాను.

రెండు రోజులకు డోరీన్ మా ఇంటికి వచ్చింది. బూట్లు కూడా విప్పలేదు. మంచు నీళ్ళు తివాచీ మీద కారుతున్నాయి.

"చచ్చిన పిల్లని తెచ్చి మా ఇంట్లో పెట్టావు కదే పెనీనా!"

"ముందు కూర్చో."

"కూర్చోను. మధ్యాహ్నం పూట మామయ్య సూప్ గిన్నె పట్టుకెళ్ళి కోట్ల అర ముందు పెడుతున్నాడు. పెట్టి అక్కడే నేలమీద చతికిలబడతాడు. ఇది బడి నుంచి వచ్చి ఆయన పక్కన కూర్చుంటుంది. హాకీకి పోవడం మానేసింది. తాతా మనవరాలూ ఆ కోట్లకేసి చూస్తూ కూర్చుంటారు, సినిమా చూసినట్టు! ఇదేనా మీరు పిల్లల్ని తయారుచెయ్యడం?"

"ప్రయాణం మాన్పించమంటావా?"

డోరీన్ కుర్చీ లాక్కుని చివరికి కూర్చుంది. గొంతు తగ్గించింది.

"నిన్న నేనూ విన్నానే."

"ఏం విన్నావు?"

"వెటకారం చెయ్యనంటే చెప్తా. కోటు తీసుకోడానికి చెయ్యి పెట్టాను. లోపల ఎవరో ఊపిరి బిగబట్టారు."

"ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ చప్పుడు అయ్యుంటుంది."

"ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో కాపురం చేస్తున్నాను. ఆ ఫర్నేస్ దగ్గు నాకు తెలీదా?"

మరునాడు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. హెర్షెల్ గారు చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, గడ్డం నున్నగా గీసుకుని, కోట్ల అర ఎదురుగా కుర్చీలో ఉన్నారు. ఎనభైకి దగ్గరపడిన మనిషి. నన్ను చూసి పక్క కుర్చీ చూపించారు.

"రా టీచరమ్మా. కోడలు పంపించిందా, నీ అంతట నువ్వే వచ్చావా?"

"రెండూను."

"నా మనవరాల్ని తీసుకెళ్ళు. వద్దనను. కానీ ఆ పేరు చదివించకు. మీరంతా ఒకేలాంటి నీలం కోట్లు వేసుకుని వెళ్తారు, కొవ్వొత్తి వెలిగిస్తారు, కద్దిష్ చదివేస్తారు. మీకు అయిపోతుంది. బస్సెక్కి భోజనానికి పోతారు. మరి తలుపు అవతల ఉన్నదాని గతేంటి?"

"ఇన్నేళ్ళు గడిచాయి హెర్షెల్ గారూ."

"ఎవరికి గడిచాయి? నాకు. దానికి ఏడేళ్ళు. నిన్నా ఏడే, ఇవాళా ఏడే. నా గొంతు వింటేనే తియ్యమన్నాను. అది వింటోంది చూడు, ఇంకా."

నేను ఆ కోట్ల వైపు చూశాను. లోనీ నల్లకోటు, డోరీన్ ఎర్రకోటు, తమర్ హాకీ జాకెట్. వాటి వెనక చీకటి. నాకు ఏమైనా వినిపించిందా లేదా అనేది ఇప్పటికీ చెప్పలేను. ఒంటిమీద వెంట్రుకలు లేచి నిలబడ్డం మాత్రం నిజం. నాకు వచ్చిన చదువులో, నేను పిల్లలకి చెప్పే మాటల్లో ఆయనకి పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు. అందుకని తోచింది అడిగేశాను.

"ఆ రోజు గొంతు విప్పే వీలుంటే ఏమని పిలిచేవారు?"

ఆయన కోట్ల వైపు కాస్త ముందుకు వంగారు. చిన్నప్పటి యిడ్డిష్ భాషలోనే నెమ్మదిగా అన్నారు. "కుమ్ అరోయ్స్, గిటెలే. దోస్ బిన్ ఇఖ్." బయటికి రా గిటెలే, నేనే.

అని తల అడ్డంగా ఊపారు. "లాభం లేదమ్మా. ఈ గొంతు దానికి తెలీదు. ఎవడో ముసలాడు పిలుస్తున్నాడనుకుంటుంది. అప్పుడు నాది పిల్లాడి గొంతు."

"నా దగ్గర పిల్లలు ఉన్నారు," అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

పెసాఖ్‌కు ముందు ఆఖరి ఆదివారం హెర్షెల్ గారు తరగతికి వచ్చారు. తమర్ చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. ఎప్పుడూ ఏ సభలోనూ నోరు విప్పని మనిషి. పిల్లలు సర్దుకుని కూర్చున్నారు. కన్నీళ్ళ కథ వినబోతున్నామనుకుని మొహాలు ముందే దించుకున్నారు. ఆయన కథ చెప్పలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడి, పనివాళ్ళకి పని అప్పజెప్పే మేస్త్రీ లాగా చెప్పారు.

"అక్కడ ఒక పిల్ల ఉంది. బెదిరిపోయి ఉంది. మీరు పిలవాలి. ఎలా పిలవాలో నేర్పుతాను. కుమ్ అరోయ్స్, గిటెలే. దోస్ బిన్ ఇఖ్."

తరగతి మొత్తం ఒక్కసారిగా అంది.

"ఛఛ! అలాగేనా? పోలీసుల్లా ఉన్నారు. అది ఇంకా లోపలికి నక్కుతుంది. మళ్ళీ."

మళ్ళీ అన్నారు.

"ఇది మరీ బాగుంది. శవానికి పాడుతున్నట్టుంది. పిల్లని పిలుస్తున్నారర్రా! మీ ఇంట్లో చెల్లెళ్ళు లేరా? అన్నం చల్లారిపోతోందే, రావే అన్నట్టు ఉండాలి."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయనా నవ్వారు. అలా వాళ్ళ మొహాలు తేటపడ్డాయి. ఒక్కొక్కరి చేతా అనిపించారు. ఒకడి నోట 'ఖ' పలకలేదు, ఇంకొకతె మరీ గొణిగింది. ఏరీ వంతు వచ్చేసరికి వాడు గొంతు సవరించుకుని పెద్దమనిషిలా మొదలుపెట్టాడు. "కుమ్ అరో—" దగ్గర గొంతు కీచుమని పైకి పోయింది. చెవులు ఎర్రబడ్డాయి. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే హెర్షెల్ గారు బల్ల వదిలేసి వాడి దగ్గరికి నడిచారు.

"ఏదీ, మళ్ళీ అను."

అన్నాడు. మళ్ళీ కీచుమంది.

ఆయన వాడి భుజం పట్టుకున్నారు. "ఇదే. ఇలాగే ఉండేది. వీడే పిలవాలి."

"ఈ గొంతుతోనా?" అన్నాడు ఏరీ.

"ఆ గొంతుతోనే. అక్కడికి వెళ్ళేలోపు మార్చుకున్నావంటే నీ చెవులు మెలేస్తా."

ఆ మాటకు తరగతంతా గొల్లుమంది. కానీ ఇంటికి పోయేటప్పుడు పిల్లలెవ్వరూ మాట్లాడుకోలేదు. కార్లు ఎక్కేదాకా, మంచులో, ఎవరికి వాళ్ళు ఆ రెండు మాటలూ గొణుక్కుంటూ పోవడం మెట్ల మీద నుంచి చూశాను.

జవెర్కా మా దారిలో లేదు. క్రాకోవ్ నుంచి లుబ్లిన్ పోతూ బస్సు మళ్ళించడానికి నిర్వాహకుల కాళ్ళావేళ్ళా పడ్డాను. సన్నటి వాన. హెర్షెల్ గారు చెప్పిన ఆనవాళ్ళు, చర్చి వెనక వీధి, వంకర మలుపు, అన్నీ ఉన్నాయి. ఇల్లు లేదు. రెండు ఇళ్ళ మధ్య ఊడిన పన్నులా ఖాళీ నేల. దురదగొండి మొక్కలు, పేర్చిన కట్టెలు, ఒక పాత కారు. గోడ ఆనవాలు కూడా మిగల్లేదు.

తమర్ ఆ నేల అంచున నిలబడిపోయింది. తలుపు దగ్గర ఏం చెయ్యాలో నేర్చుకుని వచ్చిన పిల్లకి తలుపే లేదు.

"ఎటు తిరిగి పిలవను?" అని ఏరీ గుసగుసగా అడిగాడు.

"తెలీదు. నువ్వు పిలువు," అంది తమర్.

వాడు టోపీ తీసేశాడు. "కుమ్ అరోయ్స్, గిటెలే. దోస్ బిన్ ఇఖ్." గొంతు నడిమధ్యన విరిగింది. వెనకనుంచి మిగతా పిల్లలూ అందుకున్నారు. అన్నానికి పిలిచినట్టు, నేర్పిన ప్రకారం. పక్కింటి పైకిటికీ తెరుచుకుంది. ఒక ముసలావిడ తల బయటపెట్టి, ఆ మాటలు వింటూ, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మా గైడు పోలిష్‌లో ఏదో అడిగాడు. ఆమె జవాబు చెప్పకుండా కిటికీ మూసేసింది. తెర వెనక ఆమె నీడ మాత్రం మేము బస్సు ఎక్కేదాకా అక్కడే ఉంది.

కట్టెల మీద వాన పడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎవరూ రాలేదు. వస్తారని నేను అనుకోలేదు. అయినా పిల్లలందరూ ఆగినంతసేపూ నేనూ ఆగాను.

బస్సులోంచి తమర్ ఇంటికి ఫోన్ చేసింది. విన్నిపెగ్‌లో అప్పుడే తెల్లవారుతోంది. ఆయన ఫోన్ పక్కనే కూర్చుని ఉన్నట్టున్నారు, వెంటనే తీశారు.

"తలుపు తీసిందా?"

"తలుపు లేదు జేడే."

"బీరువా?"

"ఏదీ లేదు. ఇల్లే లేదు. ఖాళీ నేల. గడ్డి పెరిగింది."

"గోడ? మెట్ల కింది గోడ?"

"అదీ లేదు జేడే. మొత్తం తెరిచే ఉంది. పైన ఆకాశం కనబడుతోంది."

 తమర్ ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది. పక్క సీట్లో ఉన్న నాకూ వినబడింది, ఆయన ఊపిరి పీల్చి, ఆపి, ఒక్కసారిగా వదిలేయడం.

"అయితే బయటికి వచ్చే ఉంటుంది," అన్నారాయన. "ఎప్పుడో వచ్చేసి ఉంటుంది. నేనే ఆలస్యంగా పంపించాను."

మేము తిరిగి వచ్చేసరికి కోట్ల అర ముందు సూప్ గిన్నె లేదు. డోరీన్ ఆ అరను ఖాళీ చేసి, తుడిచి, మళ్ళీ సర్దింది. ఇల్లు బావురుమంటోందని నాతో అంది. ఎవరో వచ్చి వెళ్ళిపోయిన ఇంట్లో ఉండే నిశ్శబ్దమట. "ఉన్నప్పుడు భయపడి చచ్చాను, ఇప్పుడు తోచట్లేదే," అంది. తమర్ మళ్ళీ హాకీకి పోయింది. ఏరీ గొంతు ఆ వేసవిలో మారిపోయింది. ఒక రోజు దారిలో కనబడి మందమైన కొత్త గొంతుతో నన్ను పలకరిస్తే మొదట గుర్తుపట్టలేదు. "ఇంక నేను పిలవలేను కదా మిస్," అన్నాడు. నవ్వించడానికి కాదు.

హెర్షెల్ గారు మరుసటి ఏడు పోయారు. ఒక మధ్యాహ్నం కుర్చీలోనే. కద్దిష్ లోనీ చదివాడు. ఏడాది నిండి సమాధి రాయి నిలబెట్టే వేళకు, మావాళ్ళలో చాలామంది చేసినట్టే, సమాధి లేనివాళ్ళ పేర్లు కూడా ఆయన రాయి మీదే చెక్కిద్దామనుకున్నారు: తండ్రి, తల్లి, గిట్లా. కాగితం మీద రాసుకుంటూ చివరి పేరు దగ్గర లోనీ ఆగిపోయాడు. నాన్న ఒప్పుకునేవాడు కాదేమో అన్నాడు.

"పేరు పెడదాం నాన్నా," అంది తమర్. "పుట్టిన ఏడు ఒక్కటే వేయిద్దాం."

రాయి చెక్కేవాడు ఫోన్ చేశాడు. రెండో సంవత్సరం రాయడం మర్చిపోయారని. మర్చిపోలేదని తమర్ చెప్పింది. వాడు ఊరుకోక మళ్ళీ చేశాడు: తర్వాత తెలిస్తే ఇంకోసారి మిషన్ తేవాలి, అక్కడికొచ్చి చెక్కడం కష్టం, ఇప్పుడే చెప్తే మంచిది అని.

"చోటు వదిలిపెట్టండి," అంది తమర్.

రాయి మీది గుడ్డ తీసిన రోజు గాలి విపరీతంగా కొట్టింది. మా మతగురువు రబ్బీ మాటలు సగం ఎగిరిపోయాయి. అందరూ మా ఆచారం ప్రకారం సమాధి మీద తలా ఒక గులకరాయి పెట్టి, హెరింగ్ చేపా బేగెల్ రొట్టెలూ ఉన్న వాళ్ళింటికి గబగబా కార్లలో బయల్దేరారు. నేను కాస్త వెనకబడ్డాను. గిట్లా పేరు పక్కన, అంకెలు ఉండాల్సిన చోట, రాయి నున్నగా, చల్లగా ఉంది.